ఒక దుప్పటి వెనక

మంగళవారం మా వదిన స్వరపేటిక తీసేస్తారు. డాక్టరు కాగితం మీద గొంతు బొమ్మ గీసి, ఒక చోట సున్నా చుట్టి, "ఇది ఉంటే మీరుండరు" అన్నాడు. బ్లీచింగ్ ఆవిరి వల్లేనని నేనంటాను. రుజువేదీ అంటారు. రుజువు కావాలంటే పంతొమ్మిదేళ్ళు ఆ ఆవిరిలో నిలబడి చూడమనండి.

వదిన ఏడవలేదు. ఆసుపత్రి మెట్లు దిగుతూ ఒక్కటే అడిగింది.

"ఈలోగా ఆ కథ పూర్తి చేసేస్తానే. మనవాళ్ళందరూ వినాలి. ఎలా?"

మేమిద్దరం పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టేవాళ్ళం. దుప్పటికి రెండు వైపులా ఇద్దరు మనుషులు కావాలి. ఆ కొస వదిన, ఈ కొస నేను. దులపడం, మూలలు కలపడం, ఎదురు నడవడం, కొసలు అందించడం, వంగి కింది మడత అందుకోవడం. రోజుకి ఆరువందల దుప్పట్లు. పిచ్చెక్కకుండా ఉండాలని వదిన కథ చెప్పేది. బట్టలుతికే ఆవిడ ఒకతి. ఆవిడకి ఎవరిదో కోటు జేబులో అతికించిన ఉత్తరం దొరుకుతుంది. పైన చిరునామా నీళ్ళకి కరిగిపోయి ఉంటుంది. అప్పటికే కోటు తీసుకుని వెళ్ళిపోయిన మనిషిని వెతుక్కుంటూ ఊరూరా తిరుగుతుంది. అంతే కథ. ఎన్ని ఊళ్ళు తిరిగిందో వదినకే తెలియదు. నూటడెబ్భై మందిమి, ఉతికే డ్రమ్ముల మోతలో చెవులు రిక్కించుకుని వినేవాళ్ళం.

ఒక సోమవారం పొద్దున వెళ్ళేసరికి గేటుకి తాళం. ఉతికే పని బయటి కంపెనీకి ఇచ్చేశారట. మాకు ముందు చెప్పాలని ఒక్కడికీ తోచలేదు. గేటు ముందు పదకొండు రోజులు కూర్చున్నాం. మైకు నా చేతిలో ఉండేది, అప్పట్నుంచి నా పేరే మైకు. తాళం తియ్యలేదు. జనం తలో ఊరికి పోయారు. ఆ ఉతికే ఆవిడ మాత్రం దారి మధ్యలో నిలబడిపోయింది. ఆరేళ్ళు. ఇప్పటికీ ఎవరు ఫోన్ చేసినా చివర్లో అడిగేది అదే. ఇంతకీ ఉత్తరం ఇచ్చిందా?

అందుకని చెప్పాను. "ఎవరింట్లో వాళ్ళు ఫోన్లో చూస్తారు వదినా. లైవ్ పెడదాం. టికెట్ పెడదాం."

"నా కథకి టికెట్టా? నవ్విపోతారే."

"పంతొమ్మిదేళ్ళు ఊరికే చెప్పావు. లాండ్రీవాడు మడతలకి జీతమిచ్చాడు, కథకిచ్చాడా?"

"నీతో మాట్లాడితే మీటింగులో కూర్చున్నట్టే ఉంటుంది."

"ఊరికే అయితే రేపు చూద్దాంలే అంటారు. టికెట్ అయితే టైముకి వస్తారు. నీకు రేపు లేదు కదా."

అనేశాక నాలుక కరుచుకున్నాను. వదిన నవ్వింది. నవ్వు బరబరమంది.

"ఉన్నమాటేగా. పెట్టు. టీ ఖరీదు పెట్టు. అంతకు పైసా ఎక్కువ పెట్టినా నేను నోరు విప్పను."

అప్పటికి ఇంకా పది రోజులుంది. నాకు లైవ్ గురించి సున్న తెలుసు. యూనియన్ ఆఫీసులో మూలపడ్డ ల్యాప్‌టాప్ తెచ్చాను. కెమెరా అరువు. మైకు నాదే. ఉచితంగా దొరికే స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకుని, అన్నయ్యా వదినల ముందుగదిలో బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. తెరిస్తే నల్లటి తెర. చుట్టూ ముప్పై మీటలు. దాన్ని తయారుచేసినవాడు జన్మలో ఎవరికీ పక్కన కూర్చుని నేర్పి ఉండడు. ఎవరినీ అడగకూడదనుకున్నాను. అడిగితే చెప్పరు, మౌస్ లాక్కుని వాళ్ళే చేసేసి పోతారు. అది నేర్పడం కాదు.

టికెట్ల సైటువాళ్ళు పొడుగాటి అక్షరాల దండ ఒకటి ఇస్తారు. దాన్ని కీ అంటారు. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే ఇక్కడి బొమ్మ వాళ్ళ సైటుకి పోతుంది, అక్కడ టికెట్ కొన్నవాళ్ళకి మాత్రమే కనిపిస్తుంది. మూడు రోజులు అది పోలేదు. తిట్టుకున్నాను, తిన్నగా కూర్చున్నాను, మళ్ళీ తిట్టుకున్నాను. చివరికి చూస్తే, అతికించేటప్పుడు దండ చివర ఒక ఖాళీ పడుతోంది. కంటికి కనిపించని ఖాళీ. దాన్ని చెరిపేయగానే తెర మూల పచ్చచుక్క వెలిగింది. వంటింట్లోంచి అన్నయ్య తొంగిచూశాడు.

"వెలిగిందా?"

"వెలిగింది."

"మూడు రోజుల్నుంచీ నువ్వు దాన్ని తిట్టిన తిట్లకి నేనైతే మొదటి పూటే వెలిగేవాణ్ణి," అన్నాడు.

అన్నయ్య ముప్పైయేళ్ళు బస్సు నడిపాడు. తక్కువ మాట్లాడతాడు. ఇంట్లో మాటలన్నీ వదినవే. ఆయన పని వినడం.

గాలిలో వచ్చే ఇంటర్నెట్ మధ్యలో తడబడుతోందని, గోడ వెంట పదిహేను గజాల వైరు లాగి ల్యాప్‌టాప్‌కి గుచ్చాను. ఆ తర్వాత చప్పుడు గొడవ. ఇంటి కింద టైర్ల షాపు ఉంది. గాలి కొట్టే కంప్రెసర్ నిమిషానికోసారి ఉరుముతుంది. సాఫ్ట్‌వేర్‌లో దానికీ ఒక మందుంది. ఒక గీత పెట్టుకుంటే, ఆ గీతకన్నా చిన్న చప్పుడేదైనా బయటికి పోదు. పెద్దది మాత్రమే పోతుంది. గేటు లాంటిది. గీత ఎక్కడ పెట్టాలో తెలియాలంటే మైకు ముందు మాట్లాడి చూడాలి. వదిన వచ్చి కుర్చీలో కూర్చుంది.

"నువ్వు మాట్లాడకు," అన్నాను. "ఉన్న గొంతు ఆదివారానికి దాచుకో. నేను మాట్లాడతాను."

నేనే మాట్లాడాను. కంప్రెసర్ ఉరిమినప్పుడు గేటు మూసుకుంది, నేను నోరు తెరిచినప్పుడు తెరుచుకుంది. భేషుగ్గా ఉంది. డ్రమ్ముల మధ్య బతికినవాళ్ళం మేము. మామూలుగా మాట్లాడితేనే పక్కింటివాళ్ళు తలుపు తీసి చూస్తారు. ఆ సంగతి నాకు గుర్తు రాలేదు. చేప నీళ్ళని చూస్తుందా?

శనివారం వదినని కెమెరా ముందు కూర్చోబెట్టాను. చక్కటి వెలుతురు. వెనక తెల్లటి గోడ. వదిన కెమెరా వంక చూసింది. కొంగు సర్దుకుంది. మళ్ళీ చూసింది.

"ఎవరితో చెప్పాలే?"

"జనంతో."

"ఏరీ?"

"అందులో ఉంటారు వదినా. గాజు వంక చూసి చెప్పు."

"అది ఊఁ అనదుగా," అంది.

అరగంట అలాగే కూర్చుంది. ఒక్క ముక్క రాలేదు. నాకు ఒళ్ళు మండింది, వదిన మీద కాదు, నా మీద. పంతొమ్మిదేళ్ళలో ఆవిడ ఒక్కసారైనా ఖాళీ చేతులతో కథ చెప్పిందా? మూలలు కలిసినప్పుడల్లా నేను ఊఁ కొట్టేదాన్ని. అప్పుడే ఆవిడకి తర్వాతి మాట వచ్చేది. నేను మనిషిని తెచ్చి కుర్చీలో పెట్టాను, పనిని బయట వదిలేశాను.

బీరువాలోంచి దుప్పట్లు తీశాను. "అన్నయ్యా, ఆ కొస పట్టుకో."

అన్నయ్య పట్టుకున్నాడు. వదిన కుడివైపు మడిస్తే ఆయన ఎడమవైపు మడిచాడు. దుప్పటి తాడులా మెలిపడింది. రెండోసారి ఆయన కొస వదిలేసి, వంగి తీసుకోబోయి, బల్లకి తల కొట్టుకున్నాడు.

"ఇంత మనిషివి బస్సెలా తిప్పావయ్యా," అంది వదిన. "ఆవిడ ఉత్తరం ఇచ్చేలోపు నీకు బుర్ర పగులుతుంది. మైకూ, నువ్వే రా."

నేను దుప్పటి పట్టుకుంటే కంప్యూటర్ ముందు ఎవరూ ఉండరు. అన్నయ్యకి కూడా ఒక టికెట్ కొని, ఆయన ఫోన్లో పెట్టి ఇచ్చాను. అదే గదిలో మోగితే మైకు కూత పెడుతుంది కాబట్టి వంటింట్లో కూర్చోమన్నాను. "మేం పంపింది నీకు అర నిమిషం ఆలస్యంగా వస్తుంది. ఏ తేడా వచ్చినా పరుగెత్తుకు రా." ఆయన తలూపాడు. తన బొమ్మ తను చూసుకుని వదిన బెదురుతోందని ల్యాప్‌టాప్ తెరని గోడవైపు తిప్పేశాను. ఊరికే మడతలు పెట్టి చూశాం. చేతులు ఏదీ మరిచిపోలేదు.

ఆదివారం నాలుగింటికి నూటఅరవైమూడు టికెట్లు పోయాయి. రికార్డింగు మీట నొక్కాను, లైవ్ మీట నొక్కాను, వెళ్ళి దుప్పటి కొస పట్టుకున్నాను. వదిన దుప్పటి దులిపింది. మూలలు కలిశాయి.

"అందరూ తిన్నారా," అంది. "సరే. మనావిడ ఎక్కడుంది? రేవు ఊళ్ళో. పడవ వెళ్ళిపోయింది."

"ఊఁ," అన్నాను.

గొంతు మెత్తగా, బొంగురుగా, కాగితం మీద ఇసుక జారినట్టు వస్తోంది. వస్తే చాలు. ఎదురు నడిచాం, కొసలందించాం. పడవ వెళ్ళిపోయాక ఆవిడ రేవులో చేపల బుట్టలు మోసిందట. మోస్తూ ప్రతి మనిషి కోటూ చూసిందట. రెండు దుప్పట్లయ్యాయి. మూడోది దులిపాం. వదిన మొహంలో లాండ్రీ రోజుల నాటి కళ వచ్చేసింది. కళ్ళు దుప్పటి మీద లేవు, రేవు మీద ఉన్నాయి.

అప్పుడు వంటింటి గుమ్మంలో అన్నయ్య కనిపించాడు. పరుగెత్తుకు రాలేదు. నెమ్మదిగా వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఫోన్.

"మీ వదిన నోరు కదులుతోంది," అన్నాడు. "మాట రావట్లేదు."

దుప్పటి వదిలేసి ల్యాప్‌టాప్ దగ్గరికి దూకాను. తెర తిప్పాను. పక్కన జనం రాసే మాటలు వరదలా పోతున్నాయి. వినబడట్లేదు. సౌండ్ లేదు వదినా. ఊఁ ఒక్కటే వస్తోంది. మైకూ, నీ మైకు చచ్చింది.

నా ఊఁ పోతోంది. వదిన కథ పోవట్లేదు. గీత నా అరుపు కొలతకి పెట్టాను. వదిన గొంతు ఆ గీత కిందే నడుస్తోంది. ఆవిడ గొంతు ఖర్చవకూడదని నేను మాట్లాడి చూశానే, అదే ఆవిడ నోరు మూసింది. గేట్లకి తాళాలేసేవాళ్ళని పదకొండు రోజులు తిట్టినదాన్ని. ఇంట్లో కూర్చుని నా చేత్తో నేనే వేశాను.

"ఎంతసేపట్నుంచి?" అన్నాను.

"మొదట్నుంచీ."

"మొదట్నుంచీనా? నాలుగు నిమిషాలైంది అన్నయ్యా. వెంటనే రమ్మన్నానా లేదా?"

ఆయన నా వంక చూడలేదు. ఫోన్లోకి చూస్తున్నాడు. అందులో వదిన అర నిమిషం వెనక ఇంకా దుప్పటి పట్టుకుని పెదాలు కదుపుతోంది.

"ఎల్లుండి నుంచి ఇలాగే ఉంటుంది కదా," అన్నాడు. "చూసుకుంటున్నాను. ఏం చెబుతోందో తెలుస్తుందేమోనని."

వదిన దుప్పటి చేతుల్లో పోగు చేసుకుని నిలబడి ఉంది.

"తెలిసిందా మరి?" అంది.

"రేవు అని తెలిసింది. పడవ అన్నావు. తర్వాత తెలియలేదు."

"రెండు తెలిశాయిగా. మొదటి రోజుకి చాలు," అంది వదిన. "మైకూ, దాని సంగతేంటో చూడు. మనావిడ బుట్ట నెత్తిన పెట్టుకుని నిలబడింది అక్కడ."

గేటు మొత్తం పీకేశాను. గీతా లేదు, వడపోతా లేదు. వదినని ఏదో ఒకటి అనమన్నాను. "ఏదో ఒకటి," అంది. తెర మీద పచ్చటి పట్టీ సగం దాకా లేచింది. దాంతోపాటే కంప్రెసర్ ఉరుము, కుర్చీ కిర్రు, వీధిలో హారను, అన్నీ లోపలికి వచ్చేశాయి. అన్నయ్య చెప్పులేసుకుని కిందికి పోయాడు. నేను ఇక తెరని గోడవైపు తిప్పలేదు. కొస పట్టుకున్నాను.

"విన్నవాళ్ళు లేరు కాబట్టి మొదట్నుంచీ చెబుతా," అంది వదిన. "రేవు ఊరు. పడవ వెళ్ళిపోయింది."

"ఊఁ."

రెండో దుప్పటి మధ్యలో ఉండగా కంప్రెసర్ ఆగింది. మళ్ళీ ఉరమలేదు. తర్వాత తెలిసింది, అన్నయ్య షాపు బెంచీ మీద ఫోన్ పెట్టుకుని కూర్చుంటే, టైర్లతను మిషను ఆపేసి పక్కన కూర్చున్నాడట. టికెట్ లేకుండానే.

తెర మీద మాటలు మారడం అప్పుడే చూశాను. ఊఁ. ఊఁ. ఊఁ. ఒకళ్ళు మొదలెట్టారు, మిగతావాళ్ళు అందుకున్నారు. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో, వంటిళ్ళ నుంచో, కాపలా గదుల నుంచో. అందరూ ఒకే అక్షరం టైపు చేస్తున్నారు.

"వదినా, అందరూ ఊఁ కొడుతున్నారు."

"ఏదీ?"

"తెర మీద. కాకపోతే ఆలస్యంగా వస్తున్నాయి. నువ్వు ఈ దుప్పటి మడిచేసరికి వాళ్ళింకా పోయిన దుప్పటికి ఊఁ అంటున్నారు."

వదిన ఆగింది. "ఒక దుప్పటి వెనకున్నారన్నమాట. లాండ్రీలోనూ అంతేగా. ఆ చివరి బల్లవాళ్ళకి మన మాట చేరేసరికి అంతే పట్టేది. ఉండనీ, వాళ్ళు వచ్చేదాకా ఆగుదాం."

ఆగాం. మూలలు కలిపి పట్టుకుని, నూటఅరవైమంది మా దగ్గరికి వచ్చేదాకా ఊరికే నిలబడ్డాం. నా మీటింగుల్లో నేనెప్పుడూ అలా ఆగలేదు. జనం వెనకబడితే గొంతు పెంచేదాన్ని.

ఉతికే ఆవిడ రేవు దాటింది. కొండ ఊరు దాటింది. ముసలిదైంది. పధ్నాలుగో దుప్పటికి ఒక వీధి చివర ఇంటి తలుపు కొట్టింది. తలుపు తీసినవాడి ఒంటి మీద ఆ కోటే. మోచేతుల దగ్గర అరిగింది. ఆవిడ ఉత్తరం చేతిలో పెట్టింది. అతను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, తిరిగి ఆవిడకే ఇచ్చాడు.

"చదువు తల్లీ, నాకు రాదు అన్నాడు," అంది వదిన. గొంతు అక్కడ తెగింది. నీళ్ళు ఇచ్చాను. ఒక గుటక వేసింది. "మనావిడకి మాత్రం వచ్చా? రాదు. వచ్చుంటే ఇన్నేళ్ళు ఊరుకునేదా, ఏనాడో చింపి చదివేది."

"ఊఁ," అన్నాను.

"అలాగని రాదని చెప్పేస్తుందా, ఇంత దూరం వచ్చి? గట్టు మీద కూర్చుంది. కాగితం విప్పింది. చూస్తున్నట్టు చూసి మొదలెట్టింది. అయ్యా, మీవాళ్ళు రేవు ఊళ్ళో చేపలు మోస్తున్నారు, కులాసా. కొండ ఊళ్ళో నీకోసం ఒక పక్క మంచం ఖాళీగా ఉంచారు, కులాసా. తను దార్లో చూసిన మనుషులందరినీ చెప్పింది. సందె పడేదాకా చెప్పింది. అతను అన్నిటికీ ఊఁ అన్నాడు. అదే ఉత్తరం. అయిపోయింది."

చివరి మడత నా చేతికిచ్చింది. దుప్పటి దొంతర మీద పెట్టాను.

అర నిమిషం తెర ఖాళీ. తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. ఊఁ. ఎవరో ఏడుస్తున్నామని రాశారు. ఎవరో, ఆవిడ ఇంటికెలా వెళ్ళిందో చెప్పలేదేం అని దెబ్బలాట పెట్టుకున్నారు. ఆపేసే మీట మీదికి చెయ్యి పోనిచ్చాను. అప్పుడు ఒకామె రాసింది. వదినా, ఒక్కసారి నన్ను పిలువు.

చదివి వినిపించాను. "డాక్టరు ఎక్కువ మాట్లాడొద్దన్నాడు," అని నేనే కలిపాను.

"దాచుకుని ఏం చేసుకోనే? వడ్డీ వస్తుందా? ఎవరామె?"

టికెట్ మీదున్న పేరు చెప్పాను. వదిన మొహం చిట్లించింది. "అదెవరో నాకేం తెలుసు. లాండ్రీ పేరు రాయమను."

అంతే. నూటఅరవై చిల్లర లాండ్రీ పేర్లు తెర మీద పడ్డాయి. నేను చదివాను, వదిన పిలిచింది. బొత్తాల పిన్నీ. సబ్బు బాబాయ్. ఏమే తొందరా. పొడుగు చెల్లాయ్, ఇంకా తల వంచుకునే నడుస్తున్నావా. నీలిమందు తమ్ముడూ. ఒక్కొక్కరినీ, ఆ హాలు ఆ చివర నుంచి ఈ చివరికి కేకేసినట్టే పిలవబోయింది. గాలే ఎక్కువ వచ్చింది. వందో పేరు దాటాక గుసగుసే మిగిలింది. ఒక్కరినీ వదల్లేదు. అన్నయ్య ఎప్పుడు పైకి వచ్చాడో, గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. పెదాలు చూస్తున్నాడు.

చివరి పేరు అయ్యాక లైవ్ ఆపాను. రికార్డింగ్ ఆపాను. మైకు తీశాను. గది ఒక్కసారిగా ఉత్త గది అయిపోయింది.

"అందర్నీ పిలిచావు," అన్నాను. "నన్ను పిలవలేదు."

"నువ్వు టికెట్ కొన్నావా?"

"వదినా."

"ఎక్కడికైనా పోయుంటే పిలుస్తానే. నువ్వెక్కడికీ పోలేదుగా."

నేను తల తిప్పుకుని గోడ వెంట వైరు పీకడం మొదలెట్టాను. పదిహేను గజాలు. చేతికి దొరికినట్టు ఉండ చుట్టాను.

"అలా కాదే," అంది వెనక నుంచి. గొంతు లేదు, ఊపిరే. "మెలిపడుతుంది. మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టు. పెద్ద చుట్లు."

విప్పాను. పెద్ద చుట్లు చుట్టాను. చక్కగా వచ్చింది. మళ్ళీ విప్పేసి తప్పుగా చుట్టాను.

"మొద్దుదానా, ఇప్పుడే చెప్పానా," అంది వదిన. "మోచేతికి. ఇదిగో, ఇలా. చూడు."

అన్నయ్య గుమ్మం దగ్గర్నుంచి వచ్చి, మైకు వైరు తీసుకుని, నా పక్కన నేల మీద కూర్చుని, దాన్ని ఇంకా అడ్డదిడ్డంగా చుట్టడం మొదలెట్టాడు.